చిన్న తుపాకీ తక్కువ తంతుందా?

అమెరికాలో తుపాకుల దుకాణాలకు వెళ్తే కౌంటర్ దగ్గర ఏళ్ల తరబడి ఒకే సలహా వినిపిస్తుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్ల మధ్య కూడా అది అలాగే చెలామణీ అవుతోంది. సారాంశం ఇదీ: “ఆడవాళ్లకూ, వయసు మళ్లినవాళ్లకూ, చేతుల్లో కీళ్లనొప్పులున్నవాళ్లకూ చిన్న, తేలికపాటి .38 రివాల్వరే సరైనది. చిన్నది కాబట్టి తక్కువ తంతుంది. స్లైడ్ లాగే బాధ లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. రివాల్వర్ ఎప్పుడూ మొరాయించదు. పిస్టలే కావాలంటే .380 కొనండి, 9 ఎంఎం కన్నా ఎప్పుడూ మెత్తన. ఇంకా తగ్గాలంటే ‘లో రీకాయిల్’ అని రాసి ఉన్న తూటాలు తీసుకోండి.”

(.38, .380, 9 ఎంఎం అన్నవి తూటాల రకాలు. రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, పిస్టల్‌లో పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో. స్లైడ్ అంటే పిస్టల్ పైన వెనక్కి లాగి వదిలే లోహపు భాగం. తన్ను, ఇంగ్లిష్‌లో రీకాయిల్, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ.)

ఈ సలహాలో ఒక్క వాక్యం కూడా ఉన్నదున్నట్టుగా నిలబడదు. పైగా దీన్ని నమ్మి నష్టపోయేది ఎవరి మేలు కోరి చెప్తున్నామంటారో వాళ్లే. మొదటి డబ్బా తూటాలు పూర్తికాకముందే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, పేల్చేముందు కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది, ఆ తర్వాత తుపాకీ సొరుగులో పడి ఉంటుంది.

మొదట అసలు మాట, “చిన్నది కాబట్టి తక్కువ తంతుంది” అన్నది. జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. బుల్లెట్, అంటే తూటాలోంచి ఎగిరిపోయే లోహపు ముక్క, ముందుకు ఎంత ఊపుతో వెళ్తుందో తుపాకీ అంత ఊపుతో వెనక్కి వస్తుంది. ఆ ఊపును మింగాల్సింది తుపాకీ బరువే. బుల్లెట్ బరువును దాని వేగంతో హెచ్చవేసి, మందు కాలి వచ్చే వాయువు ఊపు కలిపి, వచ్చిన మొత్తాన్ని వర్గం చేసి, తుపాకీ బరువుకు రెట్టింపుతో భాగిస్తే తన్ను శక్తి వస్తుంది. తుపాకీ బరువు సగమైతే అదే తూటాకు తన్ను రెట్టింపవుతుందన్నమాట.

లెక్క వేసి చూద్దాం. ఈ సలహాలో ఎక్కువగా వినిపించే పేరు స్మిత్ అండ్ వెసన్ 642. అల్యూమినియం ఫ్రేమ్, ఐదు తూటాలు, రెండంగుళాలకు కాస్త తక్కువ బ్యారెల్, బరువు సుమారు 415 గ్రాములు. అదే కంపెనీ మోడల్ 10, నాలుగంగుళాల బ్యారెల్‌తో ఉన్న ఉక్కు రివాల్వర్, దాదాపు 975 గ్రాములు. రెండింట్లోనూ మామూలు .38 స్పెషల్ తూటా, అంటే 158 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) బుల్లెట్, సెకనుకు 755 అడుగుల వేగం అనుకుంటే, పెద్దదాంట్లో తన్ను సుమారు 3 జౌల్స్, చిన్నదాంట్లో 7. పొట్టి బ్యారెల్‌లో వేగం కొంత పడిపోతుంది కాబట్టి నిజానికి 6 దగ్గర ఆగుతుంది. అయినా రెట్టింపే.

ఇంకో పోలిక చూడండి. 670 గ్రాముల గ్లాక్ 19లో 115 గ్రెయిన్ల మామూలు 9 ఎంఎం తూటా తన్నేది కూడా ఇంచుమించు 6 జౌల్సే. కానీ ఆ 9 ఎంఎం బుల్లెట్ గొట్టం దాటేటప్పుడు మోసే శక్తి, పొట్టి రివాల్వర్ బుల్లెట్ మోసేదానికి దాదాపు రెండింతలు. చేతికి తగిలే దెబ్బ ఒకటే, దక్కే ఫలితం సగం. బలహీనమైన చేతులకు ఈ బేరాన్ని ఎవరైనా మేలు అని ఎలా అంటారు?

అంకెలకు అందని సంగతి ఒకటుంది. 642 లాంటి వాటికి వచ్చే చిన్న రబ్బరు పిడి వెనక భాగంలో లోహాన్ని పూర్తిగా కప్పదు. పేలినప్పుడు ఆ సన్నని లోహపు అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న మెత్తని చోట తగులుతుంది. ట్రిగ్గర్ గార్డు వెనక భాగం మధ్యవేలి కణుపును కొడుతుంది. పిడి పొట్టి కాబట్టి చిటికెనవేలికి పట్టు ఉండదు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ మూడు చోట్లా కలిపి పది తూటాలకే చాలవుతుంది. వెనక భాగాన్ని కప్పే పెద్ద రబ్బరు పిడి వేయిస్తే చాలా తేడా వస్తుంది, కానీ అప్పుడు చిన్నదన్న సుఖం పోతుంది.

“మరి మన దేశంలో ఆడవాళ్ల కోసమని తేలిక రివాల్వరే చేశారుగా?” అని అడిగేవాళ్లున్నారు. కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వాళ్లు 2014 జనవరిలో తెచ్చిన నిర్భీక్ గురించి ఆ మాట. అది 500 గ్రాములు, నిజమే. కానీ అది మెత్తగా ఉండటానికి కారణం చిన్నతనం కాదు, అందులో వేసే .32 తూటా. 98 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 700 అడుగుల చిల్లర వేగం. తన్ను లెక్కిస్తే 2 జౌల్సే. అదే 500 గ్రాముల ఒంట్లో .38 వేసి ఉంటే కథ వేరేలా ఉండేది.

గురి మీదే బతికేవాళ్లు ఏం పట్టుకుంటారో కూడా చూడాలి. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. ఆ పోటీలో వాడేది .22, అంటే దాదాపు తన్ను లేని తూటా. అయినా పిస్టల్ 1400 గ్రాముల దాకా ఉండొచ్చని నిబంధన ఒప్పుకుంటుంది. అదే నిబంధన ప్రకారం ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల ఒత్తిడి తట్టుకుంటే చాలు.

ఆ చివరి అంకెను గుర్తుపెట్టుకుని “ట్రిగ్గర్ నొక్కితే చాలు” అన్న మాట దగ్గరికి వద్దాం. 642లో తూటాను కొట్టి పేల్చే హ్యామర్ లోపల దాగి ఉంటుంది, ముందే వెనక్కి లాగి పెట్టుకునే వీలు లేదు. ప్రతి తూటాకూ పొడుగాటి డబుల్ యాక్షన్ లాగుడే (హ్యామర్‌ను లేపడం, వదలడం రెండూ ట్రిగ్గరే చేయాలి), సుమారు 12 పౌండ్లు, అంటే ఐదున్నర కిలోలు. చేతిలో ఉన్నది నాలుగొందల గ్రాముల వస్తువు. దాని బరువుకు పదమూడు రెట్ల బలంతో ఒక్క వేలు లాగుతుంటే మూతి కదలకుండా ఎలా ఉంటుంది? వేలిలో బలం లేనివాళ్లు చివరికి రెండు వేళ్లు దూరుస్తారు, లేదా ట్రిగ్గర్ లాగుడు చివర్లో తుపాకీ మొత్తాన్ని కిందికి గుంజుతారు. స్లైడ్ ఒకసారి లాగితే పని అయిపోతుంది. ఈ లాగుడు ప్రతి తూటాకూ ఉంటుంది.

స్లైడ్ లాగలేకపోవడం చాలాసార్లు బలం లేక కాదు, పద్ధతి తెలియక. చాలామంది చేతులు చాపి, స్లైడ్ వెనక కొసను బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు పట్టుకుంటారు. అలా ఎవరికీ రాదు. వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, మూతి టార్గెట్ వైపే ఉంచి తుపాకీని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోవాలి. ఎడమ అరచేతిని స్లైడ్ మీద బోర్లించి, నాలుగు వేళ్లూ స్లైడ్ అవతలి వైపు పట్టు కోసం చెక్కిన గీతల మీద, అరచేతి మొదలు ఇవతలి గీతల మీద పడేలా గట్టిగా పట్టాలి. అప్పుడు స్లైడ్‌ను వెనక్కి లాగడం కన్నా కుడిచేత్తో ఫ్రేమ్‌ను ముందుకు తోయడం మీద ధ్యాస పెట్టాలి. వెనక్కి వచ్చాక చేత్తో సాగనంపకుండా వదిలెయ్యాలి. బయట హ్యామర్ ఉన్న పిస్టల్ అయితే ముందు హ్యామర్ ఎక్కించి లాగితే భారం తగ్గుతుంది. మ్యాగజైన్‌లో తూటాలు నొక్కలేకపోతే చవకైన లోడర్ దొరుకుతుంది, దానితో బొటనవేలికి పనే ఉండదు.

ఇదే ఇబ్బంది చూసి 2018లో స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పి 380 షీల్డ్ ఈజీ తెచ్చింది. దాదాపు 525 గ్రాములు, ఎనిమిది తూటాల మ్యాగజైన్, మెత్తటి స్ప్రింగ్, మ్యాగజైన్ పక్కన వేలితో కిందికి లాగే బొడిపె. ఒక జాగ్రత్త ఉంది: పిడి వెనక సేఫ్టీ మీట ఉంటుంది, పట్టు వదులైతే అది లోపలికి పోదు, తుపాకీ పేలదు. దీని అన్నగారు 9 ఎంఎం ఈజీని పాతది కొనేవాళ్లు సీరియల్ నంబరు తప్పక సరిచూసుకోవాలి. 2020 మార్చి, అక్టోబర్ మధ్య తయారైనవాటిని హ్యామర్ లోపం వల్ల కంపెనీయే రీకాల్ చేసింది.

“రివాల్వర్ మొరాయించదు” అన్నదానికి ఎక్కువ వాదన అక్కర్లేదు. తేలిక రివాల్వర్ ఎంత గట్టిగా తంతుందంటే, ఇంకా పేలని తూటాల్లోంచి బుల్లెట్లు కొద్దికొద్దిగా ముందుకు జారతాయి. సిలిండర్ దాటి ముక్కు బయటికొస్తే సిలిండర్ తిరగదు. అక్కడికక్కడ చేసే వైద్యం కూడా ఉండదు. కొత్త రకం తూటా వాడేముందు ఐదో తూటా పొడవు క్యాలిపర్‌తో కొలిచి, నాలుగు పేల్చి, మళ్లీ కొలిస్తే తెలిసిపోతుంది. కాలని మందు రేణువులు, పేలిన తూటాల తొడుగులను బయటికి తోసే ఎజెక్టర్ చక్రం కింద చేరితే సిలిండర్ మూతపడదు. ఖాళీ తొడుగులు దులిపేటప్పుడు మూతి పైకి పెట్టడం అందుకే.

పిస్టల్ వైపు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. మణికట్టు మరీ వదులుగా ఉంటే తుపాకీ మొత్తం స్లైడ్‌తోపాటే వెనక్కి పోతుంది, స్లైడ్ పూర్తి దూరం నడవదు, ఖాళీ తొడుగు మధ్యలో నిలువుగా ఇరుక్కుంటుంది. ఎంచుకున్న తూటాతో, వాడబోయే మనిషి చేతిలోనే, కనీసం వంద తూటాలు నడిచాకే ఆ పిస్టల్‌ను నమ్మాలి.

“.380 ఎప్పుడూ మెత్తన” కూడా తుపాకీ చూడకుండా చెప్పే మాటే. 270 గ్రాముల రూగర్ ఎల్‌సీపీలో .380 తూటా తన్ను, అదే తూటా 525 గ్రాముల ఈజీలో తన్నేదానికి దాదాపు రెట్టింపు. బరువొక్కటే కాదు, లోపలి పనితీరు కూడా ఉంది. వాల్తర్ పీపీకే, బెర్సా థండర్ లాంటి పాత పద్ధతి పిస్టళ్లలో బ్యారెల్ కదలదు, స్లైడ్ దానికి బిగిసి ఉండదు. పేలుడును ఆపేది స్లైడ్ బరువు, బిగువైన స్ప్రింగ్ మాత్రమే. అందువల్ల వాటి స్లైడ్ లాగడమూ కష్టమే, దెబ్బా చురుక్కుమంటుంది. అంతకన్నా మధ్యస్థ బరువున్న 9 ఎంఎం చాలా చేతులకు హాయిగా ఉంటుంది. తూటాలు కొనేటప్పుడు మరో మెలకువ: .380 డబ్బాల మీద ‘9 ఎంఎం షార్ట్’, ‘9 ఎంఎం కుర్జ్’ అని కూడా ఉంటుంది, అది మామూలు 9 ఎంఎం కాదు.

ఇక డబ్బా మీది ముద్ర. ‘లో రీకాయిల్’ అన్నదానికి కట్టుబడాల్సిన కొలత ఏదీ లేదు. షాపులోనే నిలబడి లెక్క వెయ్యొచ్చు: గ్రెయిన్లలో బుల్లెట్ బరువును సెకనుకు అడుగుల వేగంతో హెచ్చవేసి వెయ్యితో భాగించండి. పోటీల్లో దీన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. మామూలు 115 గ్రెయిన్ల 9 ఎంఎం 1150 వేగంతో 132 వస్తుంది. ‘లో రీకాయిల్’ పేరుతోనే అమ్మే 135 గ్రెయిన్ల తూటా ఒకటి 1060 వేగంతో 143 వస్తుంది, అంటే మామూలుదానికన్నా ఎక్కువ. నిజంగా తగ్గేది 100 గ్రెయిన్లు, 1125 వేగం లాంటి ‘లైట్’ రకాలు, 112 చిల్లర. 147 గ్రెయిన్ల బరువు బుల్లెట్ మెత్తన అంటారు. 950 వేగంతో దానిది 140. ఊపు తగ్గదు. దెబ్బ చురుగ్గా కాకుండా నెట్టినట్టు వస్తుంది, కొందరికి అదే నయం. ఒకే తుపాకీలో రెండు తూటాలు పోల్చడానికే ఈ లెక్క, రెండు తుపాకుల మధ్య కాదు.

తగ్గించుకుంటూ పోతే కోల్పోయేదీ ఉంది. ఎఫ్‌బీఐ 1986 మయామీ కాల్పుల తర్వాత పెట్టుకున్న కొలత ప్రకారం బుల్లెట్ పరీక్ష జెల్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు వెళ్లాలి. తేలిక బుల్లెట్ పొట్టి బ్యారెల్ నుంచి వచ్చి విచ్చుకుంటే ఆ లోతు అందకపోవచ్చు. .38కి మాత్రం పాత ఉపాయం ఒకటుంది: 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్. ముక్కు బల్లపరుపుగా ఉంటుంది, 700 అడుగుల చిల్లర వేగం, విచ్చుకోవాల్సిన అవసరం లేదు. మోడల్ 10లో దీని తన్ను రెండున్నర జౌల్స్ లోపే. చదునైన అంచు సిలిండర్ రంధ్రం అంచుకు తగులుకుంటుంది కాబట్టి త్వరగా నింపాల్సిన తూటాలు గుండ్రని ముక్కువే ఉంచుకోవాలి. మామూలుకన్నా ఎక్కువ పీడనంతో నింపే ‘ప్లస్ పి’ తూటాల జోలికి పోవద్దు.

పద్ధతి నేర్పినా స్లైడ్ అస్సలు రానివాళ్లు ఉంటారు. వాళ్లకు రివాల్వరే సరి, కానీ ఉక్కుది, మూడు నాలుగంగుళాల బ్యారెల్‌ది, ఆ వాడ్‌కట్టర్లతో. లేదా .327 ఫెడరల్ మ్యాగ్నమ్‌కు చేసిన రివాల్వర్ తీసుకుని అందులో .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్ వాడుకోవచ్చు, రెండూ అందులో పడతాయి. .22 తన్ను ఒక జౌల్ కూడా ఉండదు, సాధనకు అంతకు మించింది లేదు. రిమ్‌ఫైర్, అంటే అంటించే మందు తొడుగు అంచులో ఉండే రకం కాబట్టి అప్పుడప్పుడూ పేలకుండా మొరాయిస్తుందని తెలిసి వాడాలి.

కొనేముందు కాల్పుల సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని, వాడబోయే మనిషి చేతనే పేల్పించాలి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు లేకపోతే తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టడమే ఫెడరల్ నేరం, రేంజ్ అద్దె తుపాకీ అయినా సరే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు.

చెవుల్లో ప్లగ్గులు, వాటిమీద మఫ్స్, రెండూ పెట్టాలి. తన్ను అనుకుని భయపడేదాంట్లో చాలా భాగం చప్పుడే. ఐదారు గజాల దూరంలో పెద్ద కాగితం. ముందు .22, తర్వాత ఈజీ లాంటి .380, ఆ తర్వాత మధ్యస్థ 9 ఎంఎం, ఒక్కోదానికి పది తూటాలు. మొత్తం యాభై దాటనివ్వొద్దు, నొప్పి మొదలైన చోటే ఆపెయ్యాలి. చివర్లో మ్యాగజైన్‌లో డమ్మీ తూటాలు రెండు ఎక్కడున్నాయో తెలియకుండా కలిపి ఇవ్వండి. డమ్మీ వచ్చినప్పుడు మూతి కిందికి దిగితే ఆ తుపాకీ ఆ చేతికి ఎక్కువ. కదలకుండా నిలబడితే దాన్నే కొనండి.