‘ఊరికే’ అనే నేరం

ముందే ఒప్పేసుకుంటున్నా, పోలీసులదే రైటు. సాయంత్రం ఏ జంక్షన్‌లో చూసినా ప్లాట్‌ఫాం నిండా జనం ఉంటారు, ఒకడు ఫోన్‌లో మాట్లాడుతూ పట్టాలకి అడ్డంపడి అవతలికి దాటుతుంటాడు, ఇంకొకడు కదిలే బండిలోంచి గుట్కా ఉమ్ముతాడు, ఒక ఫ్యామిలీ పసుపు గీత అవతల దుప్పటి పరుచుకుని పులిహోర తింటూ ఉంటుంది, వీళ్లందరూ నార్మల్ మనుషులే. కానీ ఆ చివర, ప్లాట్‌ఫాం వాలుగా కిందికి దిగే చోట, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు పక్కన ఒకడు బుద్ధిగా నిలబడి రైలు వంక చూస్తుంటాడు. రైల్వే స్టేషన్‌కొచ్చి రైలు చూడటమేంటండీ, డౌట్ రాదూ మరి.

ఆ ఒక్కడు నేనే. రైళ్లు చూడటం, ఫోటోలు తీయడం పిచ్చి ఉన్న నాలాంటివాణ్ని బయట రైల్‌ఫ్యాన్ అంటారు, ఇంట్లో అనేది ఇక్కడ రాయలేను.

మమ్మల్ని ఆపినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటే, “ఫోటోలు ఎందుకు తీస్తున్నావ్?”. జవాబు కూడా ఒకటే, “ఊరికే సార్”. ఇక్కడే వస్తుంది చిక్కంతా. రైల్వే చట్టం 1989లో అన్నిటికీ ఒక నంబర్ ఉంది, చెయిన్ ఊరకనే లాగితే 141, తాగి గోల చేస్తే 145, పట్టాల మీదకి పోతే 147 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి దాకా ఫైన్ లేదా రెండూ, ఫుట్‌బోర్డు మీద వేలాడితే 156. ఊరికే నిలబడి చూసేవాడికి మాత్రం నంబర్ ఇవ్వలేదు. పాపం కానిస్టేబుల్ ఏం చేస్తాడు, రాయడానికి కాలమ్ లేని మనిషిని ఎక్కడ రాసుకుంటాడు? లంచం అంటే ఆయనకి అర్థమవుతుంది, దొంగతనం అర్థమవుతుంది, ఆఖరికి రీల్స్ పిచ్చి కూడా అర్థమవుతుంది ఎందుకంటే వాళ్లబ్బాయి కూడా చేస్తాడు, కానీ పైసా లాభం లేకుండా ఎండలో రెండు గంటలు నిలబడేవాడు ఉంటాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మకూడదు కూడా.

ఇక రహస్యాల విషయం. ఇంజన్ నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోవడం దేశభద్రతకి ముప్పు అని నాకు చాలాసార్లు క్లాస్ పీకారు. నిజమే, ఎంత రహస్యం కాకపోతే ఆ నంబర్‌ని ఇంజన్‌కి ముందూ పక్కలా అంత లావు అక్షరాల్లో పెయింట్ చేస్తారు, ఆ ఇంజన్ ఉండే షెడ్డు ఏదో కూడా పక్కనే రాస్తారు, లాలాగూడ అనో గుత్తి అనో. ఏ బండి ఎక్కడుందో రైల్వే వాళ్ల సైటే చెప్తుంది, యార్డ్‌లో ఎన్ని లైన్లున్నాయో శాటిలైట్ మ్యాప్‌లో వేలితో జూమ్ చేసి మా ఆరేళ్ల పాప కూడా లెక్కపెడుతుంది. కాబట్టి గూఢచారి అనేవాడు కచ్చితంగా ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని, అందరికీ కనపడేలా పసుపు బోర్డు పక్కన నిలబడే గూఢచర్యం చేస్తాడన్నమాట.

అలాగని స్టేషన్‌లో ఫోటోలే వద్దంటారా అంటే అదీ కాదు. 2023లో స్టేషన్లలో సెల్ఫీ బూత్‌లు పెట్టారు గుర్తుందా, ఒక్కో పర్మనెంట్ బూత్‌కి 6.25 లక్షలు అని సెంట్రల్ రైల్వేనే ఆర్టీఐలో జవాబిచ్చింది. అక్కడ ఎన్ని ఫోటోలైనా దిగొచ్చు, ఎందుకంటే అందులో రైలు ఉండదు.

మన దగ్గరే ఇలా అనుకుని బాధపడొద్దు. అమెరికాలో 2008 డిసెంబర్‌లో న్యూయార్క్ పెన్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు ఫోటోలు తీస్తున్న ఒకాయన్ని అక్కడి రైల్వే కంపెనీ ఆమ్‌ట్రాక్ పోలీసులు బేడీలేసి తీసుకెళ్లారు. ఆయన ఎందుకు తీస్తున్నాడయ్యా అంటే, మా రైళ్లని ఫోటోలు తీసి పంపండి క్యాలెండర్‌లో వేస్తాం అని పోటీ పెట్టిన ఆమ్‌ట్రాక్ కోసమే. ఆ దేశంలోనే బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే గూడ్స్ కంపెనీ 2006లో ఇంకో రకం పని చేసింది, రైల్‌ఫ్యాన్స్‌నే పేర్లు నమోదు చేసుకోమని, ఏదైనా తేడాగా కనిపిస్తే ఫోన్ చేయమని అడిగింది. ఇంగ్లండ్‌లో పట్టాలు చూసుకునే సంస్థ నెట్‌వర్క్ రైల్ అయితే ఫ్లాష్ వాడొద్దు, గీత దాటొద్దు, మిగతాది మీ ఇష్టం అన్నట్టు రూల్సే రాసిపెట్టింది. ఇలాంటి చెడు అలవాట్లు మనకొద్దు. చివరి బోగీ వెనక, ఇదే ఆఖరిది అని చెప్పే ఎల్వీ బోర్డు లేకపోతే ముందు కంగారుపడేది మేమే, చక్రం దగ్గర కాలిన వాసనొస్తే ముందు పసిగట్టేది మేమే, అలాంటివాళ్లని వాడుకుంటే ఇంక అనుమానించడానికి ఎవరు మిగులుతారు?

ఒక్క మాట మాత్రం సీరియస్‌గా. 2024లో యూపీలో ఒక యూట్యూబర్ పట్టాల మీద సైకిలు, గ్యాస్ సిలిండర్ లాంటివి పెట్టి వీడియోలు తీస్తే అరెస్ట్ చేశారు, బాగా చేశారు. వాడూ మేమూ ఒకటే అని మా బావమరిది అన్నాడు, ఆరోజు నుంచి వాడితో మాటల్లేవు.

మొన్న మళ్లీ దొరికాను. ఏ ఊరో చెప్పను, మళ్లీ వెళ్లాలి కదా. గుత్తి షెడ్ ఆల్కో ఒకటి గూడ్స్‌తో వస్తోందని తెలిసి పరిగెత్తుకెళ్లా. ఆల్కో అంటే పాత డీజిల్ ఇంజన్, డిజైన్ ఇచ్చిన అమెరికా కంపెనీ 1969లోనే ఇంజన్లు చేయడం మానేసింది కానీ మన వారణాసిలో దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు, ఇప్పుడు ఎక్కడ చూసినా కరెంటు లైన్లొచ్చి ఇవి రోజురోజుకీ కనపడకుండా పోతున్నాయి. సిగ్నల్ పడగానే ఆగి ఆగి గుండె కొట్టుకున్నట్టు ఆ చప్పుడు, నల్లగా ఒక్కసారి పైకి లేచిన పొగ, నాకు చెయ్యి వణికింది, నాలుగు ఫోటోల్లో మూడు షేక్. నాలుగోది చూసుకునేలోపు భుజం మీద చెయ్యి పడింది.

లోపల కూర్చోబెట్టారు. ఫోన్ గ్యాలరీ మొత్తం తిప్పారు, నాలుగు వేల ఫోటోలు, అన్నీ ఇంజన్లే, మధ్యలో మా పాప బర్త్‌డేవి మూడు. “కూతురివి మూడేనా?” అని అడిగాడు కానిస్టేబుల్, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం నా దగ్గర నిజంగా సమాధానం లేదు. ఇంతలో బయటినుంచి హారన్ వినిపిస్తే అలవాటుకొద్దీ ఆ ఇంజన్ రకం పేరు, “డబ్ల్యూఏపీ-7” అన్నాను. చూడకుండా నీకెలా తెలుసని ఇంకో అరగంట. పెద్దాయన వచ్చాక తేల్చుదామన్నారు, పెద్దాయన టీకి వెళ్లారు, టీ నుంచి ఇంకెక్కడికో వెళ్లారు, చివరికి ఆ షేక్ కాని ఒక్క ఫోటో డిలీట్ చేయించి పొమ్మన్నారు.

గేటు దగ్గర టీటీఈ ఆపాడు. ప్లాట్‌ఫాం టికెట్ చూపించా, పది రూపాయలది, రెండు గంటలే పనిచేస్తుంది. నేను కొన్నది 3:50కి, ఇప్పుడు 6:10.

“ఇరవై నిమిషాలు ఎక్కువైంది బాబూ, 250 ఫైన్. ఇంతసేపు లోపలేం చేస్తున్నావ్?”

నేను వెనక్కి తిరిగి కానిస్టేబుల్ వైపు చూశా, చెప్పండి సార్ అన్నట్టు.

“ఏం లేదు సార్” అన్నాడాయన, “ఊరికే కూర్చోబెట్టాం.”