ఆ మార్కులు వేసిందెవరు?

నదిలో నీళ్లు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఇకమీద కంప్యూటరే తేల్చేస్తుందట. ఆప్టిమైజేషన్ అల్గారిథం అని దానికి పేరు. కృష్ణా బేసిన్‌కు అదే మందని కన్సల్టెంట్లు చెబుతుంటే పెద్దలు తలలూపుతున్నారు. తలూపే ముందు ఒక్కరైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అందులో మార్కులు వేసిందెవరు?

ఈ మోడళ్లలో మాయేమీ లేదు. సాగు, కరెంటు, తాగునీరు, వరద రక్షణ... ఒక్కోదానికి ఇన్ని మార్కులని ముందే రాసిస్తారు. డ్యాంలో ఇంతకు మించి పట్టదు, కాలువలో ఇంతకు మించి పారదు అని హద్దులూ ఇస్తారు. మొత్తం మార్కులు ఎక్కడ ఎక్కువ వస్తాయో అల్గారిథం వెతుకుతుంది. పాత లీనియర్ ప్రోగ్రామింగ్ అయినా, తర్వాత వచ్చిన జెనెటిక్ అల్గారిథం అయినా వెతికే దారి వేరంతే. మార్కులు మాత్రం మనిషే వేయాలి. శ్రీశైలంలో పుట్టే కరెంటుకు పది, కృష్ణా డెల్టా చివరనున్న నాగాయలంక శివారున ఎండే ఎకరానికి రెండు అని వేస్తే, అది ఒక్క తప్పు కూడా చేయకుండా నాగాయలంకను ఎండబెడుతుంది.

వేల రకాల గేట్ల షెడ్యూళ్లను నిమిషాల్లో పోల్చి చూడటం ఏ ఇంజనీరు వల్లా కాదని సమర్థకులు అంటున్నారు. నిజమే, కాదనం.

కానీ విజయవాడ 2024 సెప్టెంబరు 1ని అప్పుడే మరిచిపోలేదు. ఆ మర్నాటికల్లా ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. బ్యారేజీలో పట్టేదే మూడు టీఎంసీలు. ఆ ఉరవడికి ముప్పావు గంట సరుకు! అయినా నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు. సహజంగా కొల్లేటికి పోయే ఏరది. వరదను మళ్లించేందుకు తవ్విన డైవర్షన్ చానల్ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా పారుతుంటే ఆ నీరు పోయే దారుండదు. కృష్ణా బేసిన్ వరకే గీత గీసుకున్న మోడల్ అయితే ఆ రోజు బ్యారేజీ భద్రం, అంతా భేష్ అని చెప్పి ఉండేది. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేదీ మనిషే. ఎవరా మనిషి?

కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించినప్పుడు కారణాలు కాగితం మీద రాసింది. నచ్చనివాళ్లు దాని మీద దశాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నారు. మోడల్‌లో దాగిన మార్కుల మీద రైతు ఎక్కడ వాదించుకోవాలి? నీళ్ల కోసం 2023 నవంబరులో సాగర్ డ్యాం మీదికి పోలీసులను దింపేదాకా వెళ్లిన పాలకులు, సాఫ్ట్‌వేర్‌లో ఎవరో టైపు చేసిన అంకెను మాత్రం శాస్త్రం అని కళ్లకద్దుకోవడం వింతగా ఉంది.

ఒక్కసారి అలవాటైతే ఇది ఆగదు. పింఛను దగ్గర, రేషన్ దగ్గర ‘సర్వర్ డౌన్’ అన్న జవాబు వినీ వినీ ఉన్నాం. ఈ ఏడాది దాళ్వాకు, అంటే రబీ వరికి, నీళ్లెందుకు ఇవ్వరంటే ‘మోడల్ ఒప్పుకోలేదు’ అంటారు. వచ్చే ఏడాది సార్వా నారుమళ్లకూ అదే మాట చెబుతారు. నిర్ణయం అధికారిదే ఉంటుంది, నింద మాత్రం మెషీన్ మీదికి పోతుంది.

ఖరీఫ్‌కు నీరు వదిలే ముందు నీటిపారుదల సలహా మండలి సమావేశంలో ఆ మార్కుల పట్టికను తెలుగులో పెట్టండి. కరెంటుకెంత, దాళ్వాకెంత, సింగ్‌నగర్ ఇళ్లకెంత అన్నది రేపల్లె రైతు కూడా చదివి ప్రశ్నించాలి. దాని కింద బాధ్యుడైన అధికారి పేరు, సంతకం ఉండాలి. ఆ సంతకానికి చెయ్యి రానివాళ్లు ఆ మోడల్‌ను గేట్ల దగ్గరికి తీసుకురావద్దు.