కణత్వచం జల్లెడ కాదు, కొవ్వుతో పూడుకుపోయేదీ కాదు

ఫోన్లలో తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: "ప్రతి కణం చుట్టూ జల్లెడలాంటి పొర ఉంటుంది. చిన్నవి లోపలికి పోతాయి, పెద్దవి బయటే ఆగిపోతాయి. కొవ్వు తింటే ఆ రంధ్రాలు పూడుకుపోతాయి. కొలెస్ట్రాల్ అక్కడ పేరుకునే మురికి. నీళ్ళు ఎంత ఎక్కువ తాగితే కణాలు అంత శుభ్రపడతాయి." తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి జనం నమ్ముతున్నారు. కానీ ఇందులో ఏ మాటా నిలబడదు. ఆఖరిదైతే ప్రాణానికే ప్రమాదం.

ముందు జల్లెడ సంగతి. సోడియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) పొటాషియం అయాన్ కంటే చిన్నది. అయినా కణత్వచంలో, అంటే కణం చుట్టూ ఉండే ఆ పొరలో, పొటాషియం చానెల్ అనే ప్రోటీన్ దారి పొటాషియాన్ని పోనిచ్చి, సోడియాన్ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. జల్లెడ అయితే ఇలా జరగదు కదా! నీటిలో ఉన్న అయాన్ చుట్టూ నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. చానెల్‌లోని ఇరుకు దారిలోకి రావాలంటే వాటిని వదిలెయ్యాలి. ఆ దారిలో ఆక్సిజన్ పరమాణువులు పొటాషియానికి సరిగ్గా సరిపోయే దూరంలో అమరి ఉంటాయి, అందుకే అది నీటిని వదిలి వాటి మధ్యకు వస్తుంది. సోడియం చిన్నది కావడంతో అవి దానికి సరిగ్గా అందవు. నీటిని వదులుకున్నందుకు దానికి అక్కడ దొరికే ఆసరా చాలదు. రోడెరిక్ మెకినన్ 1998లో ఈ నిర్మాణాన్ని బయటపెట్టారు, 2003లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక పెద్దవి ఆగిపోతాయన్న మాట చూద్దాం. స్టెరాయిడ్ హార్మోన్లు సోడియం అయాన్ కంటే ఎన్నో రెట్లు పెద్దవి. కొవ్వులో కరిగే గుణం ఉంది కాబట్టి అవి చానెల్ అవసరం లేకుండానే పొరను దాటిపోతాయి. అంటే సైజు ఒక్కటే చూస్తే సరిపోదు, విద్యుదావేశం ఉందా, కొవ్వులో కరుగుతుందా, దానికంటూ ఒక ప్రోటీన్ దారి ఉందా అన్నవి కూడా చూడాలి. పైగా జల్లెడకు శక్తి ఖర్చు ఉండదు, కణత్వచానికి ఉంటుంది. 1957లో యెన్స్ స్కౌ కనిపెట్టిన సోడియం-పొటాషియం పంపు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒక్కోటి ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఇది ఆగితే నరాల్లో సంకేతాలు నడవవు. నా దృష్టిలో ఆ సందేశం పాఠకుడికి చేసిన పెద్ద అన్యాయం ఇదే: అనుక్షణం పనిచేస్తున్న పొరను చలనం లేని వస్తువుగా చూపించింది.

కొవ్వు దాన్ని పూడ్చేస్తుందా? అసలు ఆ పొరకు ఆధారమే కొవ్వు పదార్థం. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒక వరుసగా పరిస్తే, అది కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. అలా పొర రెండు వరుసలని తేలింది. (వాళ్ళ కొలతల్లో రెండు పొరపాట్లు ఉన్నాయనీ, అవి ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయనీ తర్వాత తెలిసింది. నిర్ధారణ మాత్రం నిలిచింది.) ఈ కొవ్వు అణువుల (ఫాస్ఫోలిపిడ్ల) తలలు నీటి వైపు, తోకలు లోపలి వైపు ఉంటాయి. మందం సుమారు 5 నానోమీటర్లు. అది కదలకుండా ఉండేదీ కాదు. 1970లో ఫ్రై, ఎడిడిన్ మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపితే, రెండింటి ఉపరితల ప్రోటీన్లు 37 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాల్లో కలగలిసిపోయాయి. తిన్న కొవ్వు పేగుల్లోనే విడిపోతుంది. ఏ రకం కొవ్వు తింటున్నామో దాన్నిబట్టి పొరలోని కొవ్వు ఆమ్లాల పాళ్ళు కొంత మారతాయి, అంతేగానీ అందులో పూడుకుపోవడానికి జల్లెడ రంధ్రాలు లేవు.

కొలెస్ట్రాల్ మురికి కాదు, జంతు కణాల పొరలో అది ముఖ్యమైన భాగం. వేడిలో పొర మరీ వదులైపోకుండా, చల్లదనంలో గడ్డకట్టకుండా చూస్తుంది. ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. రక్తంలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) పెరిగి ధమనుల గోడల్లో చేరడం వేరే సమస్య, అది నిజమైన ప్రమాదమే. దానికి డాక్టర్ ఇచ్చిన మందులు ఈ వాదన చదివి ఆపెయ్యకండి.

ఇక నీళ్ళు. చాలా కణాల్లో నీటికి ఆక్వాపోరిన్ అనే ప్రత్యేక దారులున్నాయి, 1992లో పీటర్ ఆగ్రే బృందం వాటి పని నిరూపించింది. అయితే నీళ్ళు ఎటు వెళ్ళాలో నిర్ణయించేది లోపలా బయటా ఉన్న లవణాల గాఢత. మూత్రపిండాలు బయటికి పంపగలిగినదానికి మించి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి, నీరు కణాల్లోకి చేరుతుంది. పుర్రెలో చోటు లేదు కాబట్టి, ఉబ్బిన మెదడు కణాలతో ప్రాణం పోవచ్చు. మారథాన్ పరుగులో ఇలా చనిపోయినవాళ్ళున్నారు.

విరేచనాలప్పుడు వట్టి నీళ్ళు చాలకపోవడానికి కారణం కూడా ఈ పొరలోనే ఉంది. పేగు కణాల మీద సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జతగా లోపలికి తీసుకునే ఒక ప్రోటీన్ ఉంది, వాటి వెంటే నీరు వస్తుంది. కలరా విషం క్లోరైడ్ చానెళ్ళను తెరిచి ఉంచి నీటిని బయటికి పారిస్తుంది గానీ, ఈ దారిని చెడగొట్టదు. ఓఆర్‌ఎస్‌లో ఉప్పూ గ్లూకోజ్ కలిపి ఇచ్చేది అందుకే.