కిట్ ట్రాలీ గారికి, ఒక బోల్టు తక్కువైన మనిషి వ్రాయునది

మహారాజశ్రీ కిట్ ట్రాలీ గారికి,

మడికొండలో ఎలక్ట్రిక్ ఆటోలు బిగించే షెడ్డు నుంచి మూడో స్టేషన్ ఫిట్టరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఒక్కో ఆటోకు కావలసిన భాగాలన్నీ అరల్లో సర్దుకుని స్టోరు నుంచి మా దగ్గరకు వచ్చే తమరు, నిన్న మధ్యాహ్నం కీచుమనే ఎడమ చక్రంతో వేంచేశారు. వెనుక యాక్సిల్‌కు నాలుగు బోల్టులు కావాలి. తమరి అరలో మూడే ఉన్నాయి.

స్టోరుకు పరుగెత్తాను. "కిట్ పూర్తిగా ఇచ్చాం, సంతకం ఉంది" అన్నారు. విడిగా కావాలంటే చీటీ రాయాలి, చీటీ మీద సూపర్‌వైజర్ సంతకం ఉండాలి, ఆయనేమో భోజనానికి వెళ్లారు. గంట చూసి, అందరూ చేసేదే చేశాను. వెనుక బండి కిట్‌లోంచి ఒకటి తీశాను. ఆ బండివాడు తన వెనుకదాంట్లోంచి తీశాడు. షిఫ్టు ముగిసేసరికి ఒక్క బోల్టు అప్పు ఏడు బండ్లు దాటింది. ఎనుమాముల మార్కెట్లో కూడా అప్పు ఇంత వేగంగా చేతులు మారదు.

అసలు బోల్టులను నీ ఒళ్లో పెట్టమన్నది ఎవరు? పెళ్లి పంక్తిలో ఉప్పు కోసం వడ్డించేవాడి వెంటపడతామా? బండికో రకంగా మారే వైరింగ్, రంగురంగుల ప్యానెళ్లు నువ్వు తీసుకురా, సంతోషం. అన్ని బండ్లకూ ఒకటే అయిన బోల్టు నా మోచేతి పక్కన రెండు డబ్బాల్లో ఉండాలి. ఒకటి ఖాళీ అయితే ఆ ఖాళీ డబ్బాయే స్టోరుకు కబురు, రెండోదానితో పని సాగుతుంది. సూపర్ మార్కెట్ అరలను చూసి, వాడిన మేరకే నింపే పద్ధతి పెట్టింది టయోటాలోని తైచీ ఓనో. మావాళ్లు ఆ టయోటా పేరే గోడ మీద రాసి, ఆడిట్‌కు బాగుండదని డబ్బాలు ఎత్తేశారు!

1997 ఫిబ్రవరిలో టయోటాకు విడిభాగాలు చేసిచ్చే ఐసిన్ కర్మాగారం తగలబడి, ఒక చిన్న బ్రేకు వాల్వు అందక టయోటా లైన్లు ఆగిపోయాయి. అక్కడ కర్మాగారమే కాలింది. ఇక్కడ ఏదీ కాలకుండానే నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

తమరు రాకముందు ప్యాసింజర్ బండికి గూడ్స్ బండి బ్రాకెట్ బిగించి, మళ్లీ విప్పిన రోజులు మరచిపోలేదు. ఆ మేలు తమరిదే. అందుకే తిట్టబోయి ఆగాను. రాత్రి ఇంటికి వెళ్తూ వరంగల్ చౌరస్తాలో, తల మీద బలాన్ని తెలిపే 8.8 ముద్ర చూసి మరీ, నాలుగు బోల్టులు కొన్నాను. దుకాణదారు ఏ చీటీ అడగలేదు.

ఈ ఉదయం గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా జేబు తడిమి, "వీటికి గేట్‌పాస్ ఏది?" అన్నాడు.

ఇట్లు,
ఇంకా గేటు బయటే ఉన్న
తమరి ఫిట్టరు