ఆ బిళ్ళలు మా అక్కవి

నిన్న సాయంత్రం అక్కతో కలిసి సత్యనారాయణపురంలో మందుల షాపుకి వెళ్లాను. అక్క చీటీ ఇచ్చింది. కౌంటర్లో కుర్రాడు హైడ్రాక్సీక్లోరోక్విన్ షీటు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి కరోనా బిళ్ళలు కదా మేడమ్, ఇంకా వాడుతున్నారా?" అన్నాడు. వాణ్ని నేనేమీ అనను. ఇరవై ఏళ్లుంటాయేమో, 2020లో స్కూల్లో ఉండుంటాడు. పక్కన షుగర్ మందులు కొనుక్కుంటున్న పెద్దమనిషి ఆ మాట అందుకున్నాడు. "మేం అప్పట్లో డబ్బాలకి డబ్బాలు కొని దాచుకున్నాం. అందుకే మా ఇంట్లో ఒక్కరికీ ఏం కాలేదు. చవక మందు కదా, పెద్ద కంపెనీలన్నీ కలిసి తొక్కేశాయి. జనానికి అందకుండా చేశారు" అని.

అక్క చిల్లర పర్సులో పెట్టుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ నోరు మూసుకునే వచ్చాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను.

జనానికి అందకుండా చేశారా? ఏ జనానికి అందలేదు? అందకుండా చేసిందెవరు?

మా అక్కకి లూపస్. 2013 నుంచి ఉంది. తెలియనివాళ్లకి చెబుతున్నాను, రోగాలతో పోరాడాల్సిన శక్తే తిరగబడి సొంత ఒంటి మీద పడే జబ్బు అది. కీళ్లు, చర్మం, కిడ్నీలు, దేన్నయినా పట్టుకోవచ్చు. ఎండ తగిలితే ముక్కుకి రెండు వైపులా బుగ్గల మీద ఎర్రగా దద్దు లేస్తుంది. మన విజయవాడ ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున లేవగానే అక్క వేళ్లు ముడుచుకోవు. షీటులోంచి బిళ్ళ తీయడానికి బొటనవేలితో నొక్కలేదు. డైనింగ్ టేబుల్ అంచున షీటు పెట్టి, స్పూన్ కాడతో వెనక నుంచి పొడుస్తుంది. బిళ్ళ ఎగిరి కింద పడుతుంది. వంగలేదు కాబట్టి పిల్లాణ్ని పిలుస్తుంది. రోజూ ఇదే. ఆ బిళ్ళే ఈ హైడ్రాక్సీక్లోరోక్విన్.

మలేరియా మందే, కాదనను. కానీ లూపస్ వాళ్లకీ, కీళ్లవాతం వాళ్లకీ దశాబ్దాలుగా ఇస్తున్నారు. అక్కకి రోజుకొకటి, 200 మిల్లీగ్రాములది. ఏళ్ల తరబడి వాడితే రెటీనాకి ముప్పుంటుందని ఏడాదికోసారి కళ్లు చూపించుకుంటుంది. అది తెలిసే మింగుతుంది, ఎందుకంటే మానేస్తే వచ్చే ముప్పు ఇంకా పెద్దది.

2020 మార్చి 20న ఫ్రాన్స్‌లో కొందరు డాక్టర్లు కరోనాకి ఈ మందు వాడి చూసిన ఒక చిన్న పరిశీలన బయటపెట్టారు. మందు ఇచ్చింది 26 మందికి. అందులో ఆరుగుర్ని లెక్కలోంచి తీసేశారు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకి పోయారు, ఒకరు చనిపోయారు! మిగిలిన 20 మందిని చూపించి మందు పనిచేసింది అన్నారు. మర్నాడే ఈ మందుని పొగుడుతూ ట్రంప్ ట్వీట్. ఆ వెంటనే మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా ఈ మందు వాడమని సలహా ఇచ్చింది. అది కూడా అందరికీ కాదు. కరోనా రోగుల్ని చూసుకునే ఆరోగ్య సిబ్బందికీ, రోగి ఇంట్లో వాళ్లకీ మాత్రమే, ముందుజాగ్రత్తగా, డాక్టర్ చీటీ మీద. ఆ ముక్క ఎవరు చదివారు? అప్పటికే అన్ని ఫోన్లలోనూ బిళ్ళ పేరు తిరుగుతోంది. ఫ్రాన్స్ వాళ్ల పరిశీలనని 2024 డిసెంబరులో దాన్ని అచ్చేసిన పత్రికే వెనక్కి తీసుకుంది. నాలుగున్నరేళ్లు దాటాక! ఆ వార్త మీలో ఎంతమందికి ఫార్వర్డ్ అయి వచ్చింది?

మార్చి 26న కేంద్రం ఈ మందుని షెడ్యూల్ హెచ్1లో పెట్టింది, చీటీ లేకుండా అమ్మకూడదని. ఆ రూలు మా అక్క మీదే పడింది. అయినవాళ్లకి అప్పటికే డబ్బాలు ఇళ్లకి చేరిపోయాయి. పాత చీటీ పట్టుకుని వెళ్లిన మమ్మల్ని మాత్రం కొత్త చీటీ తెమ్మన్నారు. ఓపీలన్నీ మూసేశారు, కొత్త చీటీ ఎక్కణ్నుంచి తెస్తాం? సూర్యారావుపేటలో, గవర్నర్‌పేటలో, పటమటలో, బండి మీద నేను తిరగని మందుల షాపు లేదు. మాస్కు కట్టుకుని, ఫైలు చూపిస్తూ, పోలీసులు ఆపిన చోటల్లా దణ్ణం పెడుతూ. "స్టాక్ లేదమ్మా." అందరిదీ ఒకటే మాట. మన దేశంలో తయారయ్యే మందు. అదే ఏప్రిల్లో అమెరికా గట్టిగా అడిగితే ఎగుమతి నిషేధం సడలించి పంపించాం. సముద్రాలు దాటి వెళ్లిన బిళ్ళ సూర్యారావుపేటకి రాలేదు.

అక్క దగ్గర పదకొండు బిళ్ళలు మిగిలాయి. మాకెవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. ఈ మందుతో ఉన్న మాయ ఏంటంటే, ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది. మానేసినా వెంటనే ఏమీ తెలియదు. "చూశావా, బాగానే ఉన్నావుగా, మిగిలినవి ఎవరికైనా ఇవ్వు" అని ఫోన్లో సలహా ఇచ్చిన చుట్టాలు కూడా ఉన్నారు. జూన్‌లో పాదాలు వాచాయి. మూత్రంలో నురగ. టెస్టు చేయిస్తే ప్రొటీన్ పోతోంది, జబ్బు కిడ్నీలని పట్టుకుంది. స్టెరాయిడ్ డోసు పెంచారు. మొహం ఉబ్బిపోయి, వీడియో కాల్ చేస్తే నేనే ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. అక్క ఫోన్ పక్కకి తిప్పేసి గోడ చూపిస్తూ మాట్లాడింది.

చవక మందు కాబట్టి తొక్కేశారంటారు. బ్రిటన్‌లో రికవరీ అని పెద్ద ట్రయల్ జరిగింది. 1561 మందికి ఈ బిళ్ళ ఇచ్చారు, 3155 మందికి మామూలు వైద్యం చేశారు. 28 రోజుల్లో బిళ్ళ తీసుకున్నవాళ్లలో 27 శాతం, తీసుకోనివాళ్లలో 25 శాతం చనిపోయారు. 2020 జూన్ 5న ఆపేశారు. పదకొండు రోజుల తర్వాత అదే ట్రయల్ వాళ్లు డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతోందని చెప్పారు. అదెంత చవక మందో మీ ఇంటి దగ్గర ఏ మందుల షాపులోనైనా అడగండి. తొక్కేసేవాళ్లు దాన్నెందుకు వదిలేశారు? మా పిన్ని కొడుకుతో ఇదే చెబితే, "ఈ బిళ్ళతో ఎక్కువ మంది చనిపోతున్నారని రాసిన లాన్సెట్ పత్రిక పేపర్ వెనక్కి తీసుకున్నారుగా, అంటే మందు మంచిదనేగా" అంటాడు. ఒక దొంగ లెక్కని పట్టుకుంటే ఇంకో దొంగ లెక్క నిజమైపోతుందా? ఆ పేపర్ వేరు, రికవరీ వేరు. వాడికి పదిసార్లు చెప్పాను.

చావు భయంలో ఉన్నవాడు ఏ మందైనా అడుగుతాడు. అది తప్పని నేను చచ్చినా అనను. 2021 ఏప్రిల్లో నాన్నకి ఆక్సిజన్ 88కి పడిపోతే, ఆరు వయల్స్ రెమ్‌డెసివిర్ రాసిచ్చారు. 2020 నవంబరులోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఇంజెక్షన్ వద్దంది. మళ్లీ 2022లో కొందరికి ఇవ్వొచ్చంది. అవన్నీ నేను చదువుతూ కూర్చోగలనా? నా దగ్గర ఉన్నది ఒక కాగితం, ఒక నాన్న. ఒకడు వయల్‌కి 25 వేలు చెప్పాడు, కొన్నాను. నాన్న బతికారు. ఇంజెక్షన్ వల్లో, ఆక్సిజన్ వల్లో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మేలో ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నం బయల్దేరినవాళ్లనీ నేను తిట్టను. మంచం మీద మనిషి ఉన్నప్పుడు అడగడం వేరు. ఒంట్లో నలత కూడా లేకుండా, అవతల ఒక మనిషి రోజూ మింగాల్సిన బిళ్ళని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం వేరు.

ఇక బీరువా సంగతికి వస్తాను. గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమావయ్య ఉన్నారు. 2020 మార్చిలో తెలిసినవాళ్ల ద్వారా పది షీట్లు తెప్పించుకున్నారని అత్తయ్యే అమ్మతో చెప్పింది. నేను ఫోన్ చేసి అడిగాను. రెండు షీట్లు చాలు మావయ్యా, ఎలాగో వచ్చి తీసుకెళ్తాను అన్నాను. "ఇంట్లో ఆరుగురం ఉన్నాం అమ్మాయ్, మావీ ప్రాణాలేగా" అన్నారు. ఫోన్ పెట్టేశారు.

ఈ మావయ్యే, 2013లో అక్కకి లూపస్ అని తేలినప్పుడు హాల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు, "బయట ఎవరికీ చెప్పకండి, సంబంధాలు రావు" అని. అప్పట్నుంచి అక్క ఆ షీట్లని పేపర్లో చుట్టి బట్టల కింద దాచుకుంది. పెళ్లిలో పీటల మీద కూర్చున్న రోజున బుగ్గల మీద దద్దు కనపడకుండా మేకప్ మందంగా వేయించారు. పెళ్లయ్యాక కూడా ఎండలోకి రాదని, పని దొంగ అని మాటలు పడింది గానీ జబ్బు పేరు చెప్పలేదు. అంతా కలిసి ఆ బిళ్ళని దాయించారు. అందుకే ఊరికి అది కరోనాతోనే పుట్టింది. ఆ మందు మీద బతికేవాళ్లు మన వీధిలోనే, మన ఇంట్లోనే ఉన్నారని ఎవరికి తెలుసు? మావయ్యకి తెలుసు. ఆయనకి బాగా తెలుసు. నా కోపమంతా అక్కడే.

2023 సంక్రాంతికి ముందు వాళ్లింట్లో సున్నాలు వేయిస్తూ బీరువా ఖాళీ చేశారు. పండక్కి వెళ్తే అత్తయ్య ఒక క్యారీబ్యాగ్ తెచ్చి అక్క చేతిలో పెట్టింది. "ఇవి నువ్వు వాడేవేగా, నీకేమైనా పనికొస్తాయేమో చూడమ్మా" అని. తొమ్మిది షీట్లు. ఒక్కదానికీ రేకు చిరగలేదు. పదో షీటులో నాలుగు బిళ్ళలు తీసి ఉన్నాయి. అన్నింటికీ గడువు దాటిపోయింది. మావయ్య పక్కనే కుర్చీలో అరిసె తింటున్నారు. తలెత్తి చూశారు, మళ్లీ టీవీ వైపు తిరిగారు.

అక్క "సరే అత్తయ్యా" అని తీసుకుంది. బస్సులో వారధి దాటేదాకా ఆ సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక పారేయబోతే నేనే లాక్కున్నాను.

మావయ్యా, మీరు ఫేస్‌బుక్‌లో లేరు గానీ ఎవరో ఒకరు మీకిది చూపిస్తారు. ఆ తొమ్మిది షీట్లూ మా ఇంట్లోనే ఉన్నాయి. మీ ఇంట్లో ఆరుగురికీ ఏం కాలేదని నిజంగానే సంతోషం. ఒక్కసారి అక్కకి ఫోన్ చేయండి. నంబరు మారలేదు.