అంతా పిల్లల కోసమే

ఊరు మారేటప్పుడు శివారును ఎంచుకోవడం బాగా చదువుకున్న దంపతులు మాత్రమే చేయగల పని. తక్కినవాళ్లు ఏదో ఒక ఇల్లు చూసుకుని, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో వాకబు చేసి, సామాను దించేస్తారు. మా దగ్గర ఎక్సెల్ షీటు ఉంది. పదకొండు శివార్లు, ఏడు వరసలు. బడి, ఆసుపత్రి, పార్కు, గాలి, నీళ్లు, ఆఫీసు దూరం. ఏడో వరసకు పేరు పెట్టలేదు. రేపు అమ్మితే ఎంతొస్తుందన్నది అందులో రాసుకున్నాం. షీటును మాత్రం 'పిల్లల కోసం' అన్న పేరుతో సేవ్ చేశాం.

మా నాలుగేళ్ల అమ్మాయిని ఓసారి పొరపాటున అడిగాను, "నీకెలాంటి చోట ఇల్లు కావాలమ్మా?" అని. "కుక్కపిల్ల ఉన్నచోట" అంది. దానికి వరస లేదు. ఏడాదిన్నర పిల్లాడు లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి మూడు శివార్లను ఏకంగా చెరిపేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో తడుముకోకుండా నిర్ణయం తీసుకున్నది వాడొక్కడే. ఆ మూడింటినీ మళ్లీ తెచ్చుకున్నాం.

శివారును చూడటానికి ఆదివారం ఉదయం పదకొండు గంటలకే వెళ్లాలి. సోమవారం ఎనిమిదిన్నరకు వెళ్లి చూస్తామనేవాళ్లు పెళ్లిచూపులకు చెప్పాపెట్టకుండా తెల్లారుజామునే దిగే బాపతు. ఆదివారం పదకొండింటికి రోడ్డు ఖాళీ, ఆకాశం నీలం, పార్కులో ఉయ్యాలలన్నీ ఖాళీ. ఉయ్యాలలెందుకు ఖాళీగా ఉన్నాయని అడగాలని మాకు తోచలేదు. "మన పిల్లలకు వరస కోసం ఆగాల్సిన పన్లేదు" అని మురిసిపోయాం.

"సిటీలోకి ఎంతసేపు?" అన్నాను బ్రోకరుతో.

"ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు సార్."

తెలుగు వ్యాకరణంలో చేదర్థకం అని ఒకటుంది. షరతు పెట్టి చెప్పేది. వస్తే, పడితే, జరిగితే. బడిలో చదువుకున్నప్పుడు దీనివల్ల ప్రయోజనమేమిటో అర్థం కాలేదు. శివారు చూడ్డం మొదలుపెట్టాక తెలిసింది, ఇక్కడి గోడలకు ఇటుకల కన్నా ఇదే ఎక్కువ వాడారని. మెట్రో వస్తే. రోడ్డు వెడల్పయితే. ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో బడి కడితే. (కట్టారు. పెట్రోలు బంకు.) బ్రోకరు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వాక్యాన్ని సగం చెప్పాడు, మిగతా సగం మేం నిజమనుకున్నాం.

రాకపోకల సంగతి తెలియక చేశామని ఎవరూ అనుకోకూడదు. చదివే చేశాం. చేజరే మార్కెట్టి అనే ఇటలీ భౌతికశాస్త్రవేత్త 1994లో రాసిన వ్యాసం ప్రకారం, కాలినడక రోజుల నుంచి కార్ల రోజుల దాకా మనిషి రాకపోకలకు పెట్టే సమయం రోజుకు సుమారు గంటే. బండి వేగం పెరిగితే మనిషి ఇంటికి పెందలాడే చేరడు, ఇంటిని ఇంకాస్త దూరంగా కట్టుకుంటాడు. ఆ గంట రానూపోనూ కలిపి. నాకు పోవడానికే చాలడం లేదు కాబట్టి మానవజాతి సగటును నేను ఒంటిచేత్తో పైకి లాగుతున్నట్టు లెక్క. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు జర్మనీ సర్వే లెక్కలు తీసి 2008లో ఇంకో మాట తేల్చారు. ప్రయాణం పెరిగేకొద్దీ మనిషికి జీవితం మీద తృప్తి తగ్గుతుందట, దానివల్ల దొరికే మంచి ఇల్లో ఎక్కువ జీతమో ఆ లోటును పూర్తిగా పూడ్చలేవట. వాళ్లు మా హాలు చూడలేదు.

బడి గురించి ఎక్కువ చెప్పను. మా అమ్మాయికి ఇంకా కుడి చెప్పేదో ఎడమ చెప్పేదో తెలియదు. మేం పదో తరగతి ఫలితాలు తిరగేశాం. మంచి మార్కులొచ్చే బడి అంటే చాలాసార్లు ఇంట్లో పుస్తకాలూ తీరికా ఉన్నవాళ్ల పిల్లలు చేరే బడి అని మాకూ తెలుసు. తీరిక మేం రోడ్డు మీద వదిలేశాం గనక పుస్తకాలు రెట్టింపు కొన్నాం.

ఇంత తొందరెందుకని అత్తగారడిగితే రాజ్ చెట్టి అనే ఆర్థికశాస్త్రవేత్త పేరు చెప్పాను. ఆయనా, సహచరులూ కలిసి 2016లో అచ్చువేసిన అధ్యయనం ఉంది. అమెరికాలో పేదరికం బాగా ఎక్కువున్న వాడల నుంచి తక్కువున్న చోట్లకు పదమూడేళ్లలోపు మారిన పిల్లలు, పెద్దయ్యాక, మారే అవకాశం రాని పిల్లలకన్నా 31 శాతం ఎక్కువ సంపాదించారట. పదమూడు దాటాక మారినవాళ్లకు ఆ లాభం రాలేదట. ఆ పిల్లలు వదిలింది కటిక పేదరికాన్ని. మేం వదిలింది లిఫ్టు చెడిపోయిన అపార్ట్‌మెంటును. అయినా శాతం శాతమే కదా అన్నాను. అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయారు.

1929లో క్లారెన్స్ పెర్రీ అనే అమెరికా ప్రణాళికాకారుడు పిల్లలున్న ఇళ్లకు తగిన పేట ఎలా ఉండాలో గీసి చూపించాడు. నట్టనడుమ బడి. పెద్ద రోడ్లు పేట అంచుల్లోనే ఆగిపోవాలి. ఇంటి నుంచి బడికి పిల్లలు నడిచిపోవాలి, దూరం ఓ నాలుగు వందల మీటర్లు. మా శివారు ఆయన సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించింది, కాకపోతే తిరగేసి. నట్టనడుమ పెద్ద రోడ్డు. బడి అంచున.

కాబట్టి కారులో దింపుతాం. అందరూ కారులో దింపుతారు, ఎందుకంటే రోడ్డు మీద కార్లెక్కువ, పిల్లలను నడిపిస్తే ప్రమాదం. ఆ కార్లెవరివని ఓరోజు సిగ్నల్ దగ్గర తొంగి చూశాను. ప్రతిదాని వెనక సీట్లో ఓ బుల్లి బూటు ఊగుతోంది. ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు, 1990కి అది 9 శాతానికి దిగింది అని మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం లెక్క. ఆ తొమ్మిదిని మా శివారు సున్నా చేసి చూపించింది. ఎవరూ మెచ్చుకోలేదు.

వీధుల మీద ఇంకో లెక్క ఉంది. డోనల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు తీసుకుని, 1972లో ఫలితాలు ప్రకటించాడు. రోజుకు రెండు వేల బండ్లు పోయే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు. పదహారు వేల బండ్లు పోయే వీధిలో 0.9. పూర్తిగా ఒక్కడు కాని స్నేహితుడు ఎలా ఉంటాడని అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు ఎదురింట్లో ఉన్నాడు. కారు అద్దం దించకుండా చెయ్యి ఊపుతాడు.

పార్కు మాత్రం చెప్పినట్టే ఉంది. గేటు దగ్గర బోర్డు: 'బంతి ఆటలు నిషేధం. సైకిళ్లు నిషేధం. పెద్దగా అరవరాదు. పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు.' మా అమ్మాయికి ఇంకా చదవడం రాదు గనక మొదటి మూడూ వరసగా ఉల్లంఘించింది. నాలుగోది చదివి వినిపించాను. ఆ తర్వాత ఉయ్యాలలెందుకు ఖాళీగా ఉన్నాయో మాకు అర్థమైంది.

పిల్లలు నిద్రలేవకముందే వెళ్తాను, పడుకున్నాక వస్తాను. చిన్నాడు నన్ను చూసి ఏడవడం లేదు, మొహమాటపడుతున్నాడు, వచ్చిన చుట్టాన్ని చూసినట్టు. "వాళ్ల కోసమే కదా" అంటుంది మా ఆవిడ. ఆ మాట అన్న తర్వాత మా ఇంట్లో కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు.

మొన్న ఆదివారం పదకొండింటికి గేటు దగ్గర ఒక జంట కనిపించింది. చంకలో ఓ బిడ్డ, చేతిలో ఓ ఫైలు. ఎదుటివైపు ఇల్లు చూడ్డానికి వచ్చారట. రోడ్డు ఖాళీగా ఉంది, ఆకాశం నీలంగా ఉంది. ఏడో వరస నా కళ్ల ముందు కదిలింది. ఎదురిల్లు మంచి రేటుకు పోతే మాదీ పెరుగుతుంది.

"ఇక్కణ్నుంచి సిటీలోకి ఎంతసేపండీ?" అనడిగాడాయన.

"ఇరవై నిమిషాలు" అన్నాను. చేదర్థకం కూడా వాడలేదు.