సగమే రాసిన పేజీ: స్పీడ్ కోసం రక్షణ తీసేయకండి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్. లారీకి స్లాబులు ఎక్కిస్తూ బిల్లు కొడుతుండగా కరెంటు పోయింది, ఆ వెంటనే యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక డేటాబేస్ లేవలేదు. కబురందగానే ఒంగోలు నుంచి వెళ్లి, వాళ్లు వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ సందేశాల లాగ్ తెరిచాను. ఫలానా బ్లాకులో పేజీ (డేటాబేస్ ఒక్కసారిగా చదివే, రాసే ముక్క) చెల్లదని ఉంది. సెట్టింగుల ఫైల్లో చూస్తే ‘ఫుల్ పేజ్ రైట్స్’ ఆఫ్ చేసి ఉంది. స్పీడ్ పెరుగుతుందని ఎవరో ఆపేశారు.

ఆ సెట్టింగ్ ఎందుకు పెట్టారో తెలియాలంటే కిందిదాకా దిగి చూడాలి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 8 కేబీ పేజీల్లో రాస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ 16 కేబీల్లో. మన ఆఫీసుల్లో ఉండే ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద లినక్స్‌కు పేజీ అంటే 4 కేబీ. డిస్కుది సెక్టార్ల లెక్క: 512 బైట్లు, లేదంటే 4 కేబీ. డేటాబేస్‌కు ఒకటే అయిన పేజీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు రెండు, డిస్కుకు పదహారు కూడా కావచ్చు. అన్నీ కలిసే పడతాయని మామూలు డిస్కు మాట ఇవ్వదు.

పోస్ట్‌గ్రెస్ పేజీలో హెడర్, వరుసల చిరునామాలు పైనుంచి కిందికి పేరుస్తారు. అసలు వరుసలు అడుగు నుంచి పైకి పెరుగుతాయి. పై సగం డిస్కుకు చేరి, కింది సగం చేరకముందే కరెంటు పోయిందనుకోండి. చిరునామా కొత్తది, అక్కడుండాల్సిన స్లాబు లెక్క మాత్రం లేదు. ఆ పేజీలో ఏ మార్పుదాకా చేరిందో చెప్పే గుర్తు కూడా హెడర్‌లోనే, అంటే పై సగంలోనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందే వేరే లాగ్‌లో రాసిపెట్టుకుంటుంది; పడి లేచేటప్పుడు వాటిని తిరిగి వేసేదే రికవరీ. అది ఆ గుర్తు చూసి ‘ఇది అయిపోయిందిలే’ అని దాటేస్తుంది. ఆ సర్వర్లో చెక్‌సమ్ (పేజీ పాడైతే పట్టిచ్చే సరిచూపు సంఖ్య) ఉంది కాబట్టి అసలు లేవనే లేదు. లేకపోతే తప్పు లెక్కతో లేచి ఉండేది. నన్ను భయపెట్టేది అదే. పోస్ట్‌గ్రెస్ 18 నుంచి కొత్తగా పెట్టే డేటాబేస్‌లకు చెక్‌సమ్ డిఫాల్ట్‌గా ఆన్ చేశారు. మంచి పని.

ఫుల్ పేజ్ రైట్స్ ఆన్‌లో ఉంటే, చెక్‌పాయింట్ (మారిన పేజీలన్నిటినీ డిస్కుకు చేర్చే ఘట్టం) తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు ఆ పేజీ మొత్తాన్నీ ఆ మార్పుల లాగ్‌లో దాస్తుంది. చిరిగిన పేజీ మీద ఆ కాపీని పరిచి రికవరీ మొదలవుతుంది. ఇన్నోడీబీ ఇదే పనికి ప్రతి పేజీనీ ముందు వేరేచోట రాసి, తర్వాత అసలు చోట రాస్తుంది. రాత పెరుగుతుంది, నిజమే. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ పాత బ్లాకు మీద రాయదు కనుక అక్కడ ఆపినా నడుస్తుంది. ఈ యూనిట్లో ఉన్నది ఈఎక్స్‌టీ4, అది పాత బ్లాకు మీదే రాస్తుంది.

పైగా స్పీడ్ తగ్గడానికి కారణం ఆ సెట్టింగ్ కానే కాదు. బిల్లులో ఒక్కో స్లాబుకూ విడిగా కమిట్ (డిస్కులో ఖాయం) చేస్తున్నారు. నలభై స్లాబులంటే డిస్కు కోసం నలభైసార్లు ఆగడమే. బిల్లంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే ఒక్కసారి ఆగితే చాలు. ఐదు నిమిషాలకోసారి వచ్చే చెక్‌పాయింట్‌ను పావుగంటకు జరిపితే లాగ్ కూడా తగ్గుతుంది. రక్షణ తీసే ముందు ఈ రెండూ చేసి చూడాల్సింది.

ముందు రాత్రి బ్యాకప్ ఎక్కించాం. ఆ రోజు లెక్క గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో దొరికింది. లారీ నంబర్, స్లాబుల సంఖ్య, టైమ్. తెల్లవారేదాకా ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించారు.